అయిదు వోల్టుల లెక్క

పీ0118. స్కానర్ తెర మీద ఈ కోడ్ పడగానే మన వైపు షెడ్లలో ఎక్కువగా వినిపించే మాట ఒకటుంది: "టెంపరేచర్ సెన్సర్ పోయింది సార్, మార్చాల." సెన్సర్ తెప్పిస్తారు, బిగిస్తారు, కోడ్ చెరిపేస్తారు. ప్రొద్దుటూరులో బయల్దేరిన బండి జమ్మలమడుగు మీదుగా పులివెందుల దారి పట్టి ముద్దనూరు చేరేలోపే ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు లైటు మళ్లీ వెలుగుతుంది. అప్పుడు కొత్త సెన్సర్ నకిలీదేమోనని అనుమానం, ఆ తర్వాత ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, అంటే ఈసీఎం మీద అనుమానం. ఒక్కో అనుమానానికీ వేల రూపాయలు.

ఆ కోడ్ పూర్తి పేరు చదివితే అందులో సెన్సర్ పోయిందన్న మాటే లేదు. "ఇంజిన్ కూలెంట్ టెంపరేచర్ సర్క్యూట్ హై" అని మాత్రమే ఉంది. ఈ లైనులో ఉండాల్సిన దాని కన్నా వోల్టేజీ ఎక్కువగా కనిపిస్తోందని ఈసీఎం చెబుతోంది. లైను అంటే సెన్సర్, దాని కప్లర్, రెండు తీగలు, ఈసీఎం దగ్గరున్న పిన్నులు, ఎర్తు. ఇన్నింటిలో ఎక్కడ తెగినా వచ్చేది ఆ ఒక్క కోడే. ఎక్కడ తెగిందో తేల్చడానికి కొన్ని వందల రూపాయలకు దొరికే డిజిటల్ మీటరు, కొంచెం ఓపిక, కొన్ని అంకెలు కావాలి. స్కానర్లు మన ఊళ్లకు వచ్చేశాయి. మీటరుతో కొలిచే అలవాటు మాత్రం అంత వేగంగా రాలేదు. బండి యజమానికి కూడా ఈ అంకెలు తెలిసి ఉంటే షెడ్డులో అడగాల్సిన ప్రశ్న అడగగలడు. అందుకే ఈ వివరం.

కోడ్‌లో మొదటి అక్షరం పీ అంటే ఇంజిన్, గేర్‌బాక్సు. బీ అంటే బాడీ, సీ అంటే బ్రేకులు, సస్పెన్షన్ వంటివి. యూ అంటే బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే లైను. రెండో స్థానంలో సున్నా ఉంటే ఆ కోడ్‌కు అన్ని కంపెనీల బండ్లలోనూ ఒకే అర్థం. 1 ఉంటే కంపెనీని బట్టి అర్థం మారుతుంది. చివరి అంకెల్లో చాలాచోట్ల జంటలు కనిపిస్తాయి. కూలెంట్ ఉష్ణోగ్రతకు 0117 లో, 0118 హై. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఉష్ణోగ్రతకు 0112 లో, 0113 హై. మానిఫోల్డ్ పీడనానికి 0107, 0108. డీజిల్ బండ్లలో రైలు (ఇంజెక్టర్లకు ఇంధనం పంచే గొట్టం) పీడనానికి 0192, 0193. లో అంటే వోల్టేజీ దాదాపు సున్నాకు పడిపోయిందని, హై అంటే దాదాపు 5కు ఎక్కిందని. ఈ జంట సంగతి గుర్తుంటే సగం పని అయినట్టే.

ఇదంతా మనకు కొత్తగా వచ్చిన చదువు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినప్పుడు దానికి కార్బురేటర్ ఉండేది. స్క్రూడ్రైవర్, చెవి, అనుభవం ఉన్న మెకానిక్ దాన్ని సరిచేసేవాడు. 1999లో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంలో యూరో ప్రమాణాలు పాటించని కార్ల రిజిస్ట్రేషన్ ఆపించాక కార్బురేటర్ రోజులు ముగిశాయి, ఫ్యూయల్ ఇంజెక్షన్ అన్ని ఊళ్లకూ పాకింది. బీఎస్-4 కాలుష్య ప్రమాణాల కార్లలో లోపాన్ని తానే పసిగట్టే ఓబీడీ వ్యవస్థ 2010లో తొలి దశ, 2013లో రెండో దశ తప్పనిసరి అయింది. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్ ఈ నియమాల పుణ్యమే. అందులో 16వ పిన్ను బ్యాటరీ ప్లస్, 4, 5 పిన్నులు ఎర్తు, 6, 14 పిన్నులు డేటా నడిచే తీగలు. బ్యాటరీ విప్పేసి 6, 14 మధ్య మీటరుతో కొలిస్తే చాలా బండ్లలో 60 ఓములు రావాలి. లైనుకు రెండు కొసలా చెరో 120 ఓముల నిరోధం ఉంటుంది, రెండూ కలిసి 60 అవుతాయి. 120 వస్తే ఒక కొస తెగిందని అర్థం. స్కానర్ అసలు కనెక్టే కాకపోతే మొదట చూడాల్సింది ఇదే.

ఇక అసలు లెక్క. ఈసీఎం లోపల నికరమైన 5 వోల్టులు తయారవుతాయి. బ్యాటరీ 12.6 ఉన్నా, ఇంజిన్ నడిచేటప్పుడు 14 ఉన్నా ఈ 5 మారదు. కూలెంట్ సెన్సర్ నిజానికి ఒక నిరోధం, అంతకన్నా ఏమీ లేదు. వేడెక్కే కొద్దీ దాని ఓములు తగ్గుతాయి. బాష్ తరహా సెన్సర్‌ను తీసుకుంటే 20 డిగ్రీల దగ్గర 2500 ఓములు, 30 దగ్గర సుమారు 1700, 40 దగ్గర 1175, 60 దగ్గర దాదాపు 600, 80 దగ్గర 323, 100 దగ్గర 186. ఈసీఎం లోపల ఇంకో నిరోధం ఉంటుంది. అది 2200 ఓములనుకుందాం. అయిదు వోల్టులు మొదట ఆ 2200 గుండా, తర్వాత సెన్సర్ గుండా ఎర్తుకు పోతాయి. రెండింటి మధ్య ఎంత వోల్టేజీ ఉందో ఈసీఎం చూస్తుంది. పొద్దున 30 డిగ్రీల్లో 2.2 వోల్టుల దగ్గర ఉంటుంది. ఇంజిన్ 80కి చేరితే 0.64, నూరైతే 0.39. వేడి పెరిగితే వోల్టేజీ తగ్గుతుంది. మీ బండిలో అంకెలు కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు, నడక మాత్రం ఇదే.

ఇప్పుడు కప్లర్ ఊడిపోయిందనుకోండి. కరెంటు పారే దారి లేదు కాబట్టి 2200 ఓముల నిరోధం మీద వోల్టేజీ ఏమీ ఖర్చు కాదు. ఈసీఎంకు పూర్తి 5 వోల్టులు కనిపిస్తాయి. అదే 0118. స్కానర్‌లో ఉష్ణోగ్రత చాలా బండ్లలో మైనస్ 40 అని చూపిస్తుంది. కడప జిల్లాలో మే నెలలో మైనస్ 40 ఏమిటని కంగారు పడనక్కర్లేదు. ఓబీడీ భాషలో ఉష్ణోగ్రత పంపేటప్పుడు అంకెలోంచి 40 తీసేయాలన్నది నియమం. పంపిన అంకె సున్నా, అందుకే మైనస్ 40. కొన్ని బండ్లలో ఈసీఎం ఆ అర్థం లేని అంకెను పక్కనబెట్టి తనే ఒక ఉష్ణోగ్రత అనుకుని, ఎందుకైనా మంచిదని రేడియేటర్ ఫ్యాన్‌ను ఆపకుండా తిప్పుతుంది. తాళం తిప్పగానే, ఇంజిన్ ఇంకా చల్లగా ఉండగానే ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతుంటే కూలెంట్ సెన్సర్ లైను మీద కన్ను వేయాలి. రెండు తీగలూ ఒకదానికొకటి తగిలితే, లేదా సిగ్నల్ తీగ ఎర్తుకు తగిలితే ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. వోల్టేజీ సున్నా, కోడ్ 0117, స్కానర్‌లో 130 డిగ్రీలు దాటిన అంకె.

ఈ రెండు కొసలనూ మనమే కావాలని తెప్పించుకుంటే నిర్ధారణ అయిపోతుంది. ఇంత తేలికైన పరీక్షను వదిలేసి పార్టు కొనడం నాకు బాధ కలిగిస్తుంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను. తాళం ఆన్‌లో పెట్టి, ఇంజిన్ ఆపి, సెన్సర్ కప్లర్ ఊడదీయాలి. తీగల వైపున్న రెండు పిన్నుల మధ్య మీటరు పెట్టాలి. 5 వోల్టులు వస్తే రెండు తీగలూ, ఈసీఎం బాగున్నట్టే. ఏమీ రాకపోతే మీటరు నల్ల తీగను బ్యాటరీ మైనస్ మీద పెట్టి, ఎర్ర తీగతో ఒక్కో పిన్నునూ చూడాలి. ఒకదాని మీద 5 వచ్చిందంటే సిగ్నల్ తీగ బాగుంది, తెగింది ఎర్తు తీగ. రెండింటి మీదా సున్నా అయితే సిగ్నల్ తీగ తెగి ఉండాలి, లేదా బాడీకి తగులుతూ ఉండాలి. ఒక్కోసారి ఈసీఎం లోపలే 5 తయారుకాకపోయినా ఇలాగే కనిపిస్తుంది. రెండో అడుగు: అవే రెండు పిన్నులను సన్నని తీగ ముక్కతో కలిపి స్కానర్ చూడాలి. మైనస్ 40 నుంచి ఒక్కసారిగా 130 పైకి ఎగబాకితే సెన్సర్ తప్ప మిగతా దారంతా నడుస్తోందని రుజువైంది. ఇప్పుడు సెన్సర్ కొనండి. ఎగబాకకపోతే సెన్సర్ ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు. తీగ ముక్కతో కలపడం రెండు తీగల ఉష్ణోగ్రత సెన్సర్లకు మాత్రమే. మూడు తీగల సెన్సర్లలో ఒకటి నేరుగా వచ్చే 5 వోల్టుల సరఫరా, దాన్ని ఎర్తుకు కలిపితే కొత్త జబ్బు తెచ్చుకున్నట్టే.

పాతకాలపు టెస్ట్ ల్యాంపు కూడా ఈ లైన్ల దగ్గరికి రాకూడదు. 12 వోల్టుల 5 వాట్ల బల్బు దాదాపు 0.4 ఆంపియర్లు లాగుతుంది. కూలెంట్ సెన్సర్ లైనులో వేడి ఇంజిన్ మీద పారేది 2 మిల్లీ ఆంపియర్లు. అంటే బల్బు అడిగేది దానికి 200 రెట్లు. హెడ్‌లైటు తీగల దగ్గర ఎంతో ఉపయోగపడే ఆ బల్బు ఈసీఎంను శాశ్వతంగా దెబ్బతీయగలదు. మామూలు డిజిటల్ మీటరు లోపలి నిరోధం సాధారణంగా కోటి ఓములు. అది లైనులోంచి తీసుకునేది లెక్కలోకి కూడా రాదు.

ఇంతవరకూ చెప్పుకున్నవి తెగిన తీగలు, తగిలిన తీగలు. వీటికి కోడ్ పడుతుంది కాబట్టి ఎప్పటికో ఒకప్పుడు దొరుకుతాయి. జేబుకు ఎక్కువ చిల్లు పెట్టేవి కోడ్ పడనివి.

కప్లర్‌లో ఒక పిన్ను పాచి పట్టి 1000 ఓముల నిరోధం తయారైందనుకుందాం. అది సెన్సర్ ఓములకు కలుస్తుంది. పొద్దున 30 డిగ్రీల్లో 1700కు 1000 కలిసి 2700 అవుతుంది, ఈసీఎం దాన్ని 18 డిగ్రీలుగా చదువుతుంది. తేడా 12 డిగ్రీలే. అదే ఇంజిన్ 80కి వేడెక్కాక 323కు 1000 కలిస్తే 1323. ఈసీఎం లెక్కలో అది 37 డిగ్రీలు! తేడా 43. వోల్టేజీ చూస్తే 1.9 దగ్గర ఉంటుంది. సున్నా కాదు, అయిదూ కాదు, నిక్షేపంగా హద్దుల్లోనే ఉంది కాబట్టి హై, లో కోడ్లు రెండూ పడవు. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందని నమ్మిన ఈసీఎం ఇంధనం ఎక్కువ పోస్తూ ఉంటుంది. మైలేజీ పడిపోతుంది, పెట్రోలు బండిలో ప్లగ్గులు నల్లబడతాయి. ఈసీఎం అదే సెన్సర్‌ను నమ్మి ఫ్యాన్ తిప్పే బండి అయితే ఇంజిన్ మరిగిపోతున్నా ఫ్యాన్ తిరగదు.

నిరోధం 1000 కాదు, నూరు ఓములే అనుకున్నా వదలదు. చల్లటి ఇంజిన్ మీద 1700కు నూరు కలిస్తే తప్పు ఒకటిన్నర డిగ్రీ. వేడి మీద 323కు నూరు కలిస్తే 80 బదులు 71 కనిపిస్తుంది. ఇంజిన్ తగినంత వేడెక్కడం లేదని ఈసీఎం అనుకుంటే పీ0128 వేయవచ్చు. ఆ కోడ్ పేరులో థర్మోస్టాట్ అన్న మాట ఉంటుంది. దాంతో థర్మోస్టాట్ మారుస్తారు, కూలెంట్ మారుస్తారు, కోడ్ మళ్లీ వస్తుంది. తప్పు కప్లర్ పిన్నులో ఉంది. పైగా చల్లటి బండి మీద ఓముమీటరు పెట్టి చూస్తే ఈ నూరు ఓముల లోపం పట్టుబడదు. నూటికి ఆరు వంతుల తేడాను ఎవరు పట్టించుకుంటారు? ఈ లైనును వేడి మీదే కొలవాలి.

అసలు నూరు ఓములు ఎక్కువా అంటే చాలా ఎక్కువ. అర చదరపు మిల్లీమీటరు రాగి తీగ మీటరు పొడవుకు 0.035 ఓములు. ఈసీఎం నుంచి సెన్సర్ దాకా 3 మీటర్లు లెక్కేసుకున్నా 0.1 ఓము. తీగ ఎన్నడూ అంత నిరోధం ఇవ్వదు, ఇచ్చేది పిన్నుల కలయిక దగ్గరున్న పొరే. ఎక్కువ కరెంటు పారే చోట ఆ పొర కొంతవరకు తనంతట తనే చీలిపోతుంది. 55 వాట్ల హెడ్‌లైటు బల్బుకు నాలుగున్నర ఆంపియర్లు పారతాయి. ఇక్కడ పారేది 2 మిల్లీ ఆంపియర్లు, పొరను ఛేదించే బలం దానికి లేదు. అందుకే ఎయిర్‌బ్యాగు, ఆక్సిజన్ సెన్సర్ వంటి సన్నటి సిగ్నళ్ల పిన్నులకు కొన్ని బండ్లలో బంగారు పూత పూస్తారు. బంగారం దుకాణాలతో పేరు పొందిన ప్రొద్దుటూరులో ఈ సంగతి చెబితే వెంటనే అర్థమవుతుంది: బంగారం తుప్పు పట్టదు, చిలుము పట్టదు. పూత మందం ఒక మైక్రాన్ అటూ ఇటూ. ఉప్పు కాగితంతో ఒక్కసారి రుద్దితే పోతుంది. కప్లర్ పిన్నులను బ్లేడుతోనో ఉప్పు కాగితంతోనో గీకడం మన షెడ్లలో అలవాటు. గీకిన రోజు బండి బాగానే నడుస్తుంది, వానాకాలం వచ్చేసరికి పిన్ను మళ్లీ పచ్చబడుతుంది. కాంటాక్ట్ క్లీనర్ చల్లి, మెత్తని బ్రష్షుతో తుడిచి, వదులైన ఆడ పిన్నును సరిచేయడం సరైన పని.

ఈ కోడ్ పడని రకానికి ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. రాత్రంతా నిలిచిన బండికి తెల్లవారుజామున, సెల్ఫ్ కొట్టకముందు స్కానర్ పెట్టి కూలెంట్ ఉష్ణోగ్రత, గాలి ఉష్ణోగ్రత చూడాలి. రెండూ బయటి వాతావరణానికి దగ్గరగా, ఒకదానితో ఒకటి కొన్ని డిగ్రీల్లో కలవాలి. మేలో 29 దగ్గర ఉండే వేళ ఒకటి 29, ఇంకోటి 17 చూపిస్తే 17 చూపిన లైనులో ఎక్కడో అదనపు నిరోధం ఉంది. తర్వాత ఇంజిన్ నడిపి అంకె ఎక్కడా తడబడకుండా 80 దాటేదాకా చూడాలి. మధ్యలో ఉన్నట్టుండి 60 నుంచి 20కి పడి మళ్లీ లేస్తే వదులు పిన్ను. స్కానర్ చూస్తూ కప్లర్‌నూ, తీగల కట్టనూ అక్కడక్కడా కదిలించాలి. ఏ చోట కదిలిస్తే అంకె గెంతుతుందో తప్పు అక్కడే.

మన ప్రాంతపు నీళ్ల సంగతీ చెప్పాలి. కూలెంట్ తగ్గినప్పుడల్లా రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయడం పల్లెల్లో మామూలే. ఆ నీటిలోని సున్నం సెన్సర్ కొన మీద గట్టి పొరగా పేరుకుంటుంది. కొలత తప్పు కాదు గానీ ఆలస్యమవుతుంది. నీళ్లు తగ్గి సెన్సర్ కొన గాలిలో తేలితే ఇంజిన్ మరుగుతున్నా తక్కువ ఉష్ణోగ్రతే కనిపిస్తుంది. 43 డిగ్రీల ఎండలో గండికోటకో, పార్నపల్లెకో ఏసీ వేసుకుని పోయే బండికి ఇది ప్రమాదం. సెన్సర్‌ను నిందించే ముందు ఇంజిన్ చల్లారాక మూత తీసి నీటి మట్టం చూడాలి. మరుగుతున్నప్పుడు తీయకూడదు.

మూడు తీగల సెన్సర్ల లెక్క వేరు. ఒక తీగలో 5 వోల్టుల సరఫరా, ఒకటి ఎర్తు, ఒకటి సిగ్నల్. మానిఫోల్డ్ పీడనం, థ్రాటిల్, ఏసీ గ్యాస్ పీడనం, డీజిల్ రైలు పీడనం కొలిచేవి చాలావరకు ఈ కోవలోవే. వీటి సిగ్నల్ మామూలుగా అర వోల్టుకూ నాలుగున్నర వోల్టులకూ మధ్య తిరుగుతుంది. కింద అర, పైన అర కావాలనే వదిలిపెడతారు. తీగ తెగినా తగిలినా సిగ్నల్ ఆ ఖాళీలోకి వెళుతుంది, దాంతో ఈసీఎం పసిగడుతుంది.

మానిఫోల్డ్ పీడన సెన్సర్‌కు మన ఊళ్లే కొలబద్ద. ఇంజిన్ ఆగి, తాళం ఆన్‌లో ఉంటే అది చూపాల్సింది ఊరి గాలి పీడనం. సముద్ర మట్టం దగ్గర 101 కిలోపాస్కళ్లు. ఎత్తు ప్రతి 100 మీటర్లకూ సుమారు 1.2 తగ్గుతుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు నూట యాభై మీటర్లకు పైన ఉన్నాయి కాబట్టి 99 దగ్గర, పులివెందుల ఇంకో నూరు మీటర్ల ఎత్తు కాబట్టి 98 దగ్గర. వేసవిలో గాలి పీడనమే కొంచెం తగ్గుతుంది, అందుకని 97 వచ్చినా తప్పు పట్టక్కర్లేదు. 85 అనో 110 అనో కనిపిస్తే సెన్సరో దాని లైనో సరిగా లేదు. 10 నుంచి 115 కిలోపాస్కళ్ల దాకా కొలిచే ఒక రకంలో 98 అంటే సిగ్నల్ తీగ మీద దాదాపు 4 వోల్టులు. ఇంజిన్ వేడెక్కి ఐడిల్‌లో ఉన్న పెట్రోలు బండిలో పీడనం 30 నుంచి 40 మధ్యకు, వోల్టేజీ ఒకటిన్నర దగ్గరికి రావాలి.

ఒకేసారి మూడు నాలుగు కోడ్లు పడితే? థ్రాటిల్ లో, మానిఫోల్డ్ లో, ఏసీ పీడనం లో, వాటితోపాటు పీ0641 లేదా పీ0642. నాలుగు సెన్సర్లు ఒకే రోజు పోవడం దాదాపు జరగని పని. చాలా బండ్లలో ఒకే 5 వోల్టుల సరఫరా రెండు మూడు సెన్సర్లకు పంచుతారు. ఒక్క సెన్సర్ లోపల సరఫరా ఎర్తుకు తగిలితే అందరి 5 వోల్టులూ కూలిపోతాయి. సరఫరా తీగ మీద మీటరు పెట్టుకుని, తాళం ఆపుతూ ఒక్కో కప్లర్ ఊడదీసి, తాళం మళ్లీ ఆన్ చేస్తూ చూడాలి. ఏ కప్లర్ తీశాక 5 తిరిగి వచ్చిందో ఆ సెన్సర్‌దే తప్పు. అన్నీ తీసినా రాకపోతే తీగల కట్టను వెతకాలి. బానెట్ కింద వెచ్చగా ఉంటుందని చేరిన ఎలుకలు కొరికిన చోటు, ఇంజిన్ బ్రాకెట్ అంచుకు ఒరుసుకున్న చోటు, ఎప్పుడో మ్యూజిక్ సిస్టమ్‌కో అదనపు లైట్లకో కోసి టేపు చుట్టిన చోటు ముందుగా చూడాలి.

ఎర్తు లోపం ఇంకా సూక్ష్మమైనది. ఇంజిన్ నడుస్తూ, హెడ్‌లైట్లు, ఏసీ ఆన్‌లో ఉండగా సెన్సర్ ఎర్తు పిన్నుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య కొలవాలి. 0.05 వోల్టు లోపు ఉంటే మంచిది, 0.1 దాటితే వెతకాలి. అది 0.3 ఉందనుకుందాం. పైన చెప్పిన కూలెంట్ లైనులో 80 డిగ్రీలు 67గా కనిపిస్తాయి. అదే ఎర్తు మీదున్న మానిఫోల్డ్ సెన్సర్ ఐడిల్‌లో ఉన్న దాని కన్నా 5 కిలోపాస్కళ్లు ఎక్కువ చెబుతుంది. ఈసీఎం ఇంజిన్ చల్లగా ఉందనీ, గాలి ఎక్కువ పోతోందనీ రెండు అబద్ధాలు ఒకేసారి నమ్మి ఇంధనం పెంచుతుంది. తీసినప్పుడు ఏ సెన్సర్‌ను కొలిచినా బాగానే ఉంటుంది. ఇది ఓములతో దొరకదు. కరెంటు పారుతున్నప్పుడు వోల్టేజీ కొలిస్తేనే దొరుకుతుంది.

నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, అరగంట చల్లారాక మళ్లీ స్టార్ట్ అయ్యే బండికి ముందు చూడాల్సింది క్రాంక్ సెన్సర్, పీ0335. సెల్ఫ్ కొడుతూ స్కానర్‌లో ఆర్‌పీఎం చూడాలి. ఇంజిన్ తిరుగుతున్నా అంకె సున్నాగా ఉంటే ఆ సిగ్నల్ రావడం లేదు. చాలా ఇంజిన్లలో క్రాంక్ చక్రానికి 60 పళ్ల చోట రెండు తీసేసి 58 ఉంచుతారు. దీనివల్ల ఒక సులువు: సెకనుకు వచ్చే పల్సులు దాదాపు ఆర్‌పీఎం అంత ఉంటాయి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 200 ఆర్‌పీఎం అయితే హెర్ట్జ్ కొలిచే మీటరులో 190 పైచిలుకు, ఐడిల్ 800 అయితే 770 పైన. రెండు తీగల చుట్ట రకం సెన్సర్ అయితే చల్లగానూ వేడిగానూ ఓములు కొలవాలి. రాగి ప్రతి డిగ్రీకీ 0.39 శాతం నిరోధం పెంచుకుంటుంది. 25 డిగ్రీల్లో 800 ఓములున్న చుట్ట 100 డిగ్రీల్లో 1030 దాటడం సహజం. వేడి మీద మీటరు అసలేమీ చూపకపోతే చుట్ట లోపల తెగింది. చల్లారాక ఆ కొసలు మళ్లీ తాకుతాయి, అందుకే ట్రక్కు మీద వేసుకొచ్చిన బండి షెడ్డులో దించగానే బాగా స్టార్ట్ అవుతుంది. మూడు తీగల హాల్ రకానికి ఓముల పరీక్ష పనికిరాదు. సరఫరా, ఎర్తు, పల్సులు చూడాలి.

వీటన్నిటికీ ముందు బ్యాటరీ. నిలిచినప్పుడు 12.4కు పైన, నడిచేటప్పుడు 13.8కీ 14.4కీ మధ్య ఉండాలి. కొన్ని కొత్త బండ్లు మైలేజీ కోసం కావాలనే చార్జింగు తగ్గిస్తాయి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందికి పడే బ్యాటరీ ఉంటే ఈసీఎం తడబడి లేని కోడ్లు పుట్టిస్తుంది. వాటి వెంట పడితే రోజంతా వృథా.

కోడ్ కనిపించగానే చెరిపేయకూడదు. కోడ్ పడ్డ క్షణాన ఇంజిన్ ఎంత వేగంలో, ఎంత బరువు మీద, ఎంత వేడిలో ఉందో ఈసీఎం ఒక పేజీలా దాచి ఉంచుతుంది, ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. ఐడిల్‌లో చల్లగా ఉన్నప్పుడు పడిందా, 80 కిలోమీటర్ల వేగంలో వేడి మీద పడిందా అన్నది అందులో ఉంటుంది. చెరిపితే అదీ పోతుంది. ముందు ఫోనుతో ఫొటో తీసుకోవాలి. నిజంగా బాగైతే లైటు సాధారణంగా లోపం లేని మూడు ప్రయాణాల తర్వాత తనే ఆరిపోతుంది. జ్ఞాపకంలో ఉన్న కోడ్ 40 సార్లు ఇంజిన్ చల్లారి వేడెక్కాక తనే చెరుగుతుంది. వేడెక్కడం అంటే కూలెంట్ కనీసం 22 డిగ్రీలు పెరిగి 71 డిగ్రీలు చేరడం.

ఈ అంకెలు పాత బండి కొనేవాళ్లకు మరీ ముఖ్యం. అమ్మే ముందు కోడ్ చెరిపేసి లైటు ఆర్పి చూపించడం చాలా తేలిక. అయితే బండి దాన్ని దాచదు. కోడ్లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు నడిచింది, ఎన్నిసార్లు వేడెక్కింది, లైటు వెలుగుతుండగా ఎంత దూరం నడిపారు అనే మూడు అంకెలు చాలా బండ్లలో ఓబీడీ సాకెట్ ద్వారా చదవచ్చు. పరీక్షలు పూర్తయ్యాయా లేదా అనే రెడీనెస్ పట్టీ కూడా అక్కడే ఉంటుంది. ఫోనుకు కలిసే చిన్న స్కానర్ వీటిలో చాలావాటిని చూపిస్తుంది. మీటరులో లక్ష కిలోమీటర్లు తిరిగిన బండి కోడ్లు చెరిపాక 6 కిలోమీటర్లే నడిచిందని చూపితే, పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని పట్టీ చెబితే, బేరం ఆపి ఎందుకు చెరిపారో అడగండి. ఆ తర్వాత బండిని ఒక రాత్రి నిలిపి ఉంచమని, తెల్లవారి కూలెంట్, గాలి ఉష్ణోగ్రతలు చూశాకే డబ్బు ఇస్తానని చెప్పండి.